సీలు విప్పని రికార్డు

దేవుడికి హారతి ఇచ్చి, చేతికి అంటిన కుంకుమ కడుక్కుని, తడి పూర్తిగా ఆరాకే గురునాథరావు హాల్లోని గాజు అలమరా తెరుస్తాడు. మధ్యాహ్నం షిఫ్టు ఉన్న వారాల్లో పొద్దుటి పూట ఆ కాసేపే ఆయనది. కూర్మన్నపాలెంలో మూడో అంతస్తు ఫ్లాటు. బాల్కనీ తలుపు ఎప్పుడూ వేసే ఉంటుంది. సముద్రపు గాలిలోని ఉప్పూ, రోడ్డు మీది దుమ్మూ గ్రామఫోను రికార్డులకు పడవు. అలమరాలో ప్రతి అరలోనూ చెమ్మ పీల్చే పొట్లాలు. రికార్డులన్నీ పుస్తకాల్లా నిలబడి ఉంటాయి. పడుకోబెడితే వంగిపోతాయి.

ఆ రోజు ఒక పాత జాజ్ రికార్డు తీశాడు. వేళ్ళు గీతలకు తగలకుండా రెండు అరచేతుల మధ్య అంచులు పట్టుకుని, మెత్తటి బ్రష్షుతో చుట్టూ ఒక్కసారి తుడిచి, ముల్లు దించాడు. పోపులో ఆవాలు పడే ముందు నూనె కాగుతున్నట్టు చిన్న చిటపట. ఆ తర్వాత సాక్సోఫోన్ మెల్లగా లేచింది. కళ్ళు మూసుకుంటే ఆయనకు ఎప్పుడూ ఒకటే కనిపిస్తుంది. హార్బరు బయట లంగరేసి ఉన్న ఓడలు, మంచులో చెదిరిన వాటి దీపాలు, ఏ ఓడా కదలదు, అయినా అన్నీ ఎక్కడికో పోతున్నట్టే ఉంటుంది. ఆ వాయించినవాళ్ళ ఊళ్ళు ఆయన చూడలేదు. అట్టల వెనక ఉన్న ఇంగ్లీషు సగమే అర్థమవుతుంది. ఉక్కు ఫ్యాక్టరీలో క్రేను ఆపరేటరుకి అంతకంటే అవసరం రాలేదు.

పాట అయ్యాక అలమరా చివరి అరలోంచి ఇంకొకటి తీశాడు. దాన్ని ప్లేయరు మీద పెట్టలేదు. వెలుతురులోకి తిప్పి చూశాడు. నీలి సిరాతో గీసిన కొండ, కొండ మీద లైట్‌హౌసు. పైన ఇంగ్లీషులో ‘యారాడ’ అని పేరు. డెబ్బైల్లో డెన్మార్కు నుంచి ఓడలో వచ్చిన ఐదుగురు కొన్నాళ్ళు ఈ ఊళ్ళో ఉండి, ఇక్కడే వాయించి, తమ దేశానికి వెళ్ళాక కొద్ది కాపీలు మాత్రం అచ్చు వేయించుకున్న ఫ్యూజన్ రికార్డు. అలమరాలో సగం ఖాళీ చేసి, అవన్నీ ఆ దేశపు ఒకాయనకిచ్చి, బదులుగా ఈ ఒక్కటీ తెచ్చుకున్నాడు. అచ్చు వేసినప్పుడే చుట్టిన పల్చటి ప్లాస్టిక్ సీలు ఇంకా అలాగే ఉంది. ఎక్కడా చిరుగు లేదు.

“అయిందా దర్శనం?” వంటింట్లోంచి భ్రమరాంబ అడిగింది.

“అయింది.”

“స్వామి తలుపు తీశాడా?”

“తీస్తే విలువ పోతుందని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?”

“ఎవరికండీ పోయేది?”

ఆయన రికార్డుని అరలో పెట్టి, గాజు తలుపు జరిపాడు.

క్యాంటీనులో టీ తాగుతూ ఫోనులో ఆ అట్ట ఫొటోనే చూసుకుంటున్నాడు గురునాథరావు. బెంగుళూరులో రికార్డులు సేకరించే ఒకాయన సీలు నిజమైనదేనా అని అంచుల ఫొటోలు అడిగాడు. పక్కన కూర్చున్న వీర్రాజు మెడ చాచి చూశాడు. ఒకే షెడ్డులో కింద నిలబడి క్రేనుకి చేతి సైగలిచ్చేవాడు వీర్రాజు.

“ఏటి బావా, ఇది మన యారాడ కొండ కాదేటి?”

“అదే.”

“ఈ బొమ్మ నాను సూశాను.”

“ఇది నువ్వు చూసే అవకాశమే లేదురా. దేశంలో ఇంకోటి ఉందో లేదో.”

“నువ్వు పైన క్రేన్లో కూకుని ఊరంతా నీకే కనిపిత్తాదనుకుంటావు. అడవివరంలో మా అత్తోరింటి ఎనకాల పైడితల్లమ్మ అని ముసలామె ఉంది. పూజ అరుగు మీద నల్లటి పళ్ళెం. నడిమిన గుండ్రటి కాయితం మీద ఇదే కొండ, ఇదే దీపం. ఆమె మొగుడు అప్పలస్వామి సన్నాయి వాయించేవోడు. సచ్చిపోయి శానా కాలమైంది.”

గురునాథరావు చేతిలో టీ గ్లాసు అక్కడే ఆగిపోయింది. అట్ట వెనక అయిదు పేర్లున్నాయి. పియానో, బాస్, డ్రమ్స్, సాక్సోఫోన్, గిటారు. ఆరో వరసలో పేరు లేదు. సన్నాయి, లోకల్ మ్యుజీషియన్ అని మాత్రం ఉంది. ప్లాస్టిక్ మీదుగా ఆ వరస ఎన్నిసార్లు చదివాడో.

“నెట్‌లో దొరకదేటి బావా ఈ పాట?”

“చిన్న ముక్క పెట్టారు ఎవరో. అందులో సన్నాయి రాదు.”

“అయితే నువ్వు కూడా ఇనలేదన్నమాట! ఇంట్లో ఎట్టుకుని!” వీర్రాజు పగలబడి నవ్వాడు. “బలేవోడివి బావా!”

గురునాథరావు నవ్వలేదు. ఆయన మనసులో అప్పటికే ఒక లెక్క తయారైంది. విప్పిన కాపీ ఒకటి దొరికితే పాట వినొచ్చు. తన దాని సీలు తనకే ఉంటుంది.

“నన్నోసారి తీసుకెళ్ళరా అక్కడికి,” అన్నాడు.

అడవివరంలో చందనోత్సవానికి కర్రలు పాతి క్యూలైన్లు కడుతున్నారు. సింహాద్రి అప్పన్న ఏడాది పొడుగునా చందనం పూతలోనే ఉంటాడు. అక్షయ తదియ ఒక్కరోజే ఆ పూత తీసి నిజరూపం చూపిస్తాడు. ఇంకో నాలుగైదు రోజుల్లో కొండ కింద వీధులన్నీ జనంతో నిండిపోతాయి. కర్రల మధ్యలోంచి వీర్రాజు బండి దూర్చుకుంటూ ఒక రేకుల ఇంటి ముందు ఆపాడు.

గుమ్మంలో ఒక అమ్మాయి అడ్డంగా నిలబడింది. మధురవాడలో ఆఫీసు నుంచి అప్పుడే వచ్చినట్టుంది, మెడలో కార్డు ఇంకా తియ్యలేదు. పైడితల్లి మనవరాలు శ్రీవల్లి.

“మాఁవా, ఈయన కూడా కొనడానికేనా? పోయినేడు ఒకాయన కారేసుకొచ్చాడు. నానమ్మ చేత సంతకం పెట్టించబోయాడు. అమ్మేది లేదు.”

“కొనడానికి కాదమ్మా,” అన్నాడు గురునాథరావు. అబద్ధమో నిజమో ఆయనకే సరిగ్గా తెలియలేదు. “చూద్దామని.”

“సూడనీయే. సూత్తే అరిగిపోద్దేటి?” లోపల్నుంచి గట్టిగా వినిపించింది. చెవులు సరిగా వినపడనివాళ్ళ గొంతు అది.

పూజ అరుగు మీద అప్పన్న పటం, పక్కన ఎర్రగుడ్డలో సన్నాయి, గోడకు ఆనించి రికార్డు. నడుమ కాగితం మీద నీలం కొండ వెలిసిపోయింది కాని గుర్తుపట్టొచ్చు. దాని చుట్టూ గంధం, కుంకుమ బొట్లు, ఒకదాని మీద ఒకటి ఎన్ని ఏళ్ళవో, గట్టిపడి పెచ్చులు కట్టాయి. గురునాథరావు చెప్పులు విడిచి, దండం పెట్టి, ముందుకు వంగి చూశాడు. బొట్లు లేనిచోట రికార్డు తళతళలాడుతోంది. గీతలుండాల్సిన చోట నున్నటి మెరుపు.

“దీన్ని... ఎలా శుభ్రం చేస్తారమ్మా?”

“ఎలాగేటి నాయనా, కుందులు తోమినట్టే. సింతపండేసి, ముగ్గెట్టి, కొబ్బరి పీచుతో. దసరాకోసారి, సందనం నాటికోసారి. మొన్న హుదూద్ తుపాను గాలికి అట్ట తడిసి ముద్దయిపోయింది గానీ, ఇది సూడు, అద్దంలాగ ఉంది.”

ఆయన ఆ మెరుపు మీంచి చూపు తిప్పుకున్నాడు. “బాగుందమ్మా,” అన్నాడు.

“తెల్లోళ్ళు పోస్టులో పంపారు. నా మొగుడేమో ‘నానిందులో ఉన్నానే పైడీ’ అనీవోడు. వాయించే మిషనేదీ? ఓపాలి టౌన్లో ఎవరో ఆఫీసరు గారింట్లో ఉందంటే సంకలో ఎట్టుకుని ఎల్లాడు. ఆ రోజు కరెంటు లేదంట.” ఆమె బోసినోటితో నవ్వింది. “మళ్ళీ ఎల్లలేదు. సిగ్గు.”

“అయితే ఆయనే వినలేదా?”

“ఆడూ ఇనలేదు, నానూ ఇనలేదు. లోపలున్నాడని తెలుసు కదా, అదే సాల్లే అనుకున్నాం.”

శ్రీవల్లి ఈసారి అడ్డంగా నిలబడలేదు. గొంతు తగ్గించి చెప్పింది. “నానమ్మకి ఎడమ చెవి పోయింది అంకుల్. కుడిది కూడా తగ్గిపోతంది. చెవికి మిషను పెట్టినా వినికిడి ఎన్నాళ్ళో ఉండదన్నాడు డాక్టరు. మీ దగ్గర ప్లేయరుందా? ఒక్కసారి వినిపించగలరా? కానీ ఇది ఇల్లు దాటి బయటికి పోడానికి వీల్లేదు.”

“ప్లేయరే తెస్తాను,” అన్నాడు.

ఆదివారం సాయంత్రం వీర్రాజు ఒడిలో ప్లేయరు పెట్టుకుని ఆటోలో కూర్చున్నాడు, పసిబిడ్డను పట్టుకున్నట్టు. గురునాథరావు స్పీకర్లు పట్టుకున్నాడు. శుద్ధి చేసిన నీళ్ళు, మెత్తటి గుడ్డలు కూడా తెచ్చాడు. పైడితల్లి అనుమతి అడిగి, బొట్ల పెచ్చుల మీద నీళ్ళు చుక్కలు చుక్కలుగా వేసి, నానబెట్టి, గుడ్డ అంచుతో అద్దాడు. కుంకుమ కరిగి గులాబీ రంగు నీరైంది. ఆమె ఆ గుడ్డని తొక్కేచోట పడెయ్యొద్దంది. శ్రీవల్లి తీసి తులసి కోటలో పిండింది.

పైడితల్లికి తల దువ్వి, ఉతికిన చీర కట్టారు. కుడి చెవి స్పీకరుకి దగ్గరగా పెట్టుకుని, మోకాళ్ళు ముడుచుకుని కూర్చుందామె. ముల్లు దిగింది.

వాన చప్పుడు. రేకుల మీద ఆగకుండా పడే వాన. దాని వెనక ఎక్కడో, గోడ అవతలి గదిలోలా, ఒక పియానో స్వరం వినిపించినట్టయింది. అది కూడా వానలోనే కలిసిపోయింది. గురునాథరావు ముల్లుని కొంచెం లోపలికి జరిపాడు. అక్కడా వానే. తిరగేసి పెట్టాడు. అక్కడ ముల్లు నున్నటి మెరుపు మీద జారిపోయి, నడుమకు వచ్చి ఆగింది.

ఆమె కళ్ళు మూసుకునే ఉంది. ముఖంలో నవ్వు అలాగే ఉంది.

“ఎప్పుడు మొదలెడతాడు నాయనా?”

వీర్రాజు లేచి బయటకు వెళ్ళిపోయాడు.

“పాతదైపోయిందమ్మా,” అన్నాడు గురునాథరావు, ఆమె చెవి దగ్గర. “కాలానికి అరిగిపోతాయివి.”

ఆమె కళ్ళు తెరిచి రికార్డు వైపు చూసింది. ముల్లు వైపు చూసింది. గీతలున్న చోట, లేనిచోట వేలు గాలిలోనే తిప్పింది. తర్వాత తన అరచేతులు తిప్పి చూసుకుంది.

“ఆ సూదికి గీతలు కావాలి కదూ? నానే తోమేశాను.”

“అలా కాదమ్మా...”

“పూజ సేత్తే పోతాదా నాయనా?”

చిన్నప్పట్నుంచి రోజూ దేవుడికి దీపం పెడుతున్నవాడు గురునాథరావు. నోములూ వ్రతాలూ తప్పనివాడు. ఈ ప్రశ్నకి తన దగ్గర ఏదో ఒక మాట ఉండాలనిపించింది. వైర్లు చుట్టబోయి, ఆ చీకటి అరుగు మీద ప్లేయరుని అలాగే వదిలేశాడు. “మళ్ళీ వచ్చి తీసుకెళ్తాలే,” అన్నాడు శ్రీవల్లితో.

రెండు రోజులు ఆయన అలమరా తెరవలేదు. ప్లేయరు లేని బల్ల మీద దుమ్ము చతురస్రంగా మిగిలింది. భ్రమరాంబ దాన్ని తుడవబోయి, ఆయన ముఖం చూసి, గుడ్డ పక్కన పెట్టి కూర్చుంది. అప్పుడు చెప్పాడు. చింతపండు, కొబ్బరిపీచు, వాన చప్పుడు, అరచేతులు, అంతా.

ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింది. చివరికి అంది, “పాపం. ఆవిడ తాకి తాకి పోగొట్టుకుంది.”

ఆ తర్వాత మాట ఆమె అనలేదు. ఆయనకు వినిపించింది.

“దీన్ని విప్పితే మళ్ళీ ఇలాంటిది దొరకదు భ్రమరా. ఇన్నేళ్ళు ఏ చెయ్యీ పడకుండా వచ్చింది. లోకంలో ఎక్కడో ఒకటి అలా ఉండాలి కదా.”

“అలా ఉండి?”

“అదే... ఉండాలి.”

“అప్పన్నంతటివాడే ఏడాదికోరోజు చందనం తీయించుకుంటాడండీ. మనుషులు చూడాలని కాకపోతే ఆయనకేం ఉక్కపోసి కాదుగా.” చిక్కుడుకాయల గిన్నె పట్టుకుని లేచింది. “నాకేం తెలుసులెండి, మీ జాజూ గీజూ. ఎల్లుండి దర్శనానికి టిక్కెట్లు తెచ్చారా లేదా?”

“తెచ్చాను.”

బెంగుళూరాయన మళ్ళీ మెసేజీ పెట్టాడు. సీలు చెక్కు చెదరలేదు కదా అని. గురునాథరావు ఫోను బోర్లించాడు.

చందనోత్సవం నాడు ఇంకా వెలుగు రాకముందే బయలుదేరారు. ఆయన భుజాన గుడ్డ సంచి ఉంది. భ్రమరాంబ చూసింది, అడగలేదు. కొండెక్కే ముందు పైడితల్లి ఇంటి సందులోకి తిరిగి, సంచి శ్రీవల్లి చేతిలో పెట్టాడు.

“ఎండ తగలనివ్వకమ్మా. పడుకోబెట్టకు, నిలబెట్టు. మేం దర్శనం చేసుకుని వస్తాం.”

“ఏంటంకుల్ ఇది?”

“వచ్చాక చెప్తా.”

పైన గంటల తరబడి క్యూ. వెనకవాళ్ళ ఊపిరి మెడ మీద, ముందువాళ్ళ పూలదండల వాసన, చెమట వాసన. తీరా లోపలికి వెళ్ళాక ఎవరో భుజం పట్టి నెట్టారు. ఆ నెట్టులోనే ఆయన చూశాడు. నల్లటి రాయి, దీపం, వరాహపు ముఖమో నీడో. అంతే. బయట గాలిలో పడ్డాక భ్రమరాంబ కళ్ళు తుడుచుకుంటూ, “చూశారా?” అంది.

“చూశాననే అనుకుంటున్నా.”

“నేనూ అంతే,” అని నవ్వింది. “అయినా చూశాం.”

కిందికి వచ్చేసరికి పొద్దు బాగా ఎక్కింది. పైడితల్లి ఇంట్లో సంచి పూజ అరుగు మీద, పాత రికార్డు పక్కనే, గోడకు ఆనించి ఉంది. గురునాథరావు కాళ్ళు కడుక్కుని వచ్చి దాన్ని తీశాడు. శ్రీవల్లి అట్ట మీది కొండనూ, అరుగు మీది కొండనూ మార్చి మార్చి చూసి, నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

ఆయన గోరుతో సీలు అంచు గీకాడు. రాలేదు. మళ్ళీ గీకాడు. భ్రమరాంబ గాజుకి తగిలించిన పిన్నీసు తీసి, విప్పి, ఏమీ అనకుండా ఇచ్చింది. సన్నగా చిరిగిన చప్పుడు. ఎండుటాకులాంటి వాసన, ఎప్పుడో ఎక్కడో చల్లటి దేశంలో మూసిన గాలి, ఆ ఉక్కలోకి వచ్చి కలిసిపోయింది. ఫ్యాను గాలికి ప్లాస్టిక్ తొక్క లేచి గుమ్మం దాటి వీధిలోకి పోయింది. దాని వెనక ఎవరూ వెళ్ళలేదు.

పైడితల్లి స్పీకరుకి చెవి ఆనించింది. ఈసారి నవ్వు లేదు. మళ్ళీ వానే అయితే అన్న భయం ఆమె ముఖంలో కనబడుతోంది.

వాన లేదు. నిశ్శబ్దం, దాంట్లోంచి ఎలక్ట్రిక్ పియానో, నీళ్ళ మీద నూనె పరుచుకున్నట్టు. బాస్ కింద నడుస్తోంది. డ్రమ్ముల మీద ఎవరో వేళ్ళతో వాయిస్తున్నారు. సాక్సోఫోన్ వచ్చి, ఏదో అడిగి, తప్పుకుంది. వీధిలో గోవింద నామాలు పలుకుతూ జనం పోతున్నారు. ఆ నామాలు కూడా రికార్డులోవే అనిపించింది ఒక క్షణం. గురునాథరావుకి కళ్ళ ముందు ఓడలు కనిపించలేదు. ముసలామె చెవి మాత్రమే కనిపించింది, కమ్మలు లాగి లాగి సాగిన చెవి.

పియానో ఆగింది. సన్నాయి ఇంకా మొదలు కాలేదు. ఆ మధ్యలో, మైకుకి మరీ దగ్గరగా, ఒక మనిషి గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. చివర్లో చిన్నగా గుర్రు‌మన్న చప్పుడు.

“ఆడే,” అంది పైడితల్లి.

సన్నాయి లేచింది. ఆమె దాన్ని వింటున్నట్టు లేదు. ప్రతి ఊపిరి దగ్గరా వేలెత్తుతోంది. “ఇదుగో. ఇక్కడ. ముక్కులో ఎముక వంకర, ఎడమేపు. పక్కన పడుకుంటే రాత్రంతా ఇదే గోల. పెళ్ళిళ్ళలో డోలు మోతలో ఎవుడికి ఇనబడతాది ఇది? ఎవుడికీ ఇనబడదు.” నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. “ఓలమ్మ, ఈడు ఎలాగ దాక్కున్నాడో సూడు!”

భ్రమరాంబ కొంగు నోట్లో కుక్కుకుంది.

ముల్లు చివరికొచ్చి లేచింది. పైడితల్లి కుంకుమ భరిణె తీసింది. వేలికి అద్దుకుని, ఆగిన రికార్డు వైపు చెయ్యి చాచింది.

“నానమ్మా!” శ్రీవల్లి అరిచింది.

“ఎరికేలే. మళ్ళీ సేత్తానేటి?” చెయ్యి అక్కడే ఆగిపోయింది. గురునాథరావుని అడిగింది, “ఆ అట్ట ఇటియ్యి నాయనా. ఆడి పేరెక్కడ రాశారు?”

ఆయన అట్ట తిప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. దాన్ని శ్రీవల్లి వైపు జరిపాడు. ఆమె వంగి చదివింది. అయిదు పేర్లూ చదివి, ఆరో వరస దగ్గర ఆగింది.

“లోకల్ మ్యుజీషియన్ అనుంది నానమ్మా. పేరు వెయ్యలేదు.”

“అంటే ఏటి?”

“అంటే... ఇక్కడి మనిషి అని.”

“ఇక్కడోడే కదా,” అంది పైడితల్లి. “పేరు కూడా ఉంటే బాగుణ్ణు. ఆల్లందరికీ ఉన్నాయి కదా.” కుంకుమ వేలు ఇంకా గాలిలోనే ఉంది. “ఏ వరస?”

గురునాథరావు ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఇన్నేళ్ళుగా ప్లాస్టిక్ కింద తెల్లగా నిలిచిన అట్ట మీద, అయిదు పేర్ల కిందికి, ఆరో వరస పక్కన ఖాళీ దగ్గరికి ఆ చేతిని తెచ్చి వదిలాడు. ఆమె వేలు ఒత్తి, గుండ్రంగా తిప్పింది. ఎర్రటి బొట్టు. కొంచెం కుంకుమ పక్కనా, ఆయన వేళ్ళ మీదా రాలింది.

ఆయన చెయ్యి అలవాటుగా జేబులో గుడ్డ కోసం వెళ్ళింది. గుడ్డ దొరికింది. దాన్ని అక్కడే వదిలేసి, చెయ్యి బయటికి తీశాడు.

“మళ్ళీ ఎట్టు నాయనా,” అంది ఆమె, చెవి స్పీకరుకి ఆనిస్తూ. “పాట కాదు. ముందర, ఆ ఊపిరి కాడ్నించి.”

గురునాథరావు ముల్లు ఎత్తి, గీతల మీదికి వంగి, ఆ చోటు వెతికాడు. వేలికి అంటిన కుంకుమ రికార్డు అంచున చిన్నగా అంటుకుంది. ఆయన చూశాడు. ముల్లు దించాడు.